పసి కీళ్ళకు జబ్బు కన్నా జాప్యమే ముప్పు

తుంటి కీలు పూర్తిగా అరిగిపోయిన ఇరవై ఏళ్ళ యువకుడికి కృత్రిమ కీలు అమర్చాలంటే ఆయుష్మాన్ భారత్‌లో ప్యాకేజీ ఉంది. ఆ కీలు పాడవకుండా పదేళ్ళ ముందే అడ్డుకోగలిగిన మాత్రలకు, వాటితోపాటు మూడు నెలలకోసారి చేయించాల్సిన రక్త పరీక్షలకు మాత్రం ఆ పథకంలో చోటు లేదు. కారణం ఒక్కటే. ఆ పిల్లవాడు అప్పుడు ఆసుపత్రిలో చేరలేదు, ఓపీలో చూపించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మంచం ఎక్కితేనే రోగి అనే లెక్కతో బీమా నడుస్తున్నంత కాలం, చిన్నపిల్లల్లో దీర్ఘకాలిక కీళ్ళవాతం ఆపరేషన్ బల్ల దాకా పెరుగుతూనే ఉంటుంది.

గత మూడు దశాబ్దాల్లో ఈ జబ్బుకు వైద్యం మారినంతగా మారిన పిల్లల జబ్బులు తక్కువ. ఒకప్పుడు కాళ్ళు ముడుచుకుపోయి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమయ్యే పిల్లలు ఇప్పుడు తోటివాళ్ళతో సమానంగా ఆడుకుంటున్నారు. అయితే ఆ మేలు అందాలంటే తొలి నెలల్లోనే జబ్బును పట్టుకోవాలి, సరైన మందు మొదలుపెట్టాలి. మన దగ్గర ఆ తొలి నెలలు ఇంట్లో కొన్ని, ల్యాబుల చుట్టూ కొన్ని, కట్లు కట్టించుకుంటూ కొన్ని కరిగిపోతున్నాయి. పిల్లల్ని వికలాంగుల్ని చేస్తున్నది ప్రధానంగా ఈ జాప్యమే. ఇది ఎక్కడెక్కడ పుడుతోందో చూస్తే, చాలావరకు పెద్ద ఖర్చు లేకుండానే తగ్గించవచ్చని అర్థమవుతుంది.

పెద్దల జబ్బు కాదు

పదహారేళ్ళు నిండకముందే మొదలై, ఒకటి లేదా అంతకు మించిన కీళ్ళలో కనీసం ఆరు వారాలు వాపు నిలిచి, దానికి ఇన్ఫెక్షన్, క్యాన్సర్ వంటి మరో కారణం ఏదీ దొరకనప్పుడు దాన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థ్రైటిస్‌గా నిర్ధారిస్తారు. వైద్యులు క్లుప్తంగా జేఐఏ అంటారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడికి దిగడం దీని మూలం. పొర ఉబ్బి, కీలులో నీరు చేరి, చికిత్స అందకపోతే మృదులాస్థిని, ఆపైన ఎముకను తినేస్తుంది. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం దాదాపు వెయ్యిమంది పిల్లల్లో ఒకరికి ఇది ఉంటుంది. అరుదైన జబ్బు అని పక్కన పెట్టదగిన సంఖ్య కాదిది.

పిల్లల కీళ్ళవాతం పెద్దల కీళ్ళవాతానికి చిన్న నకలు కాదని లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ 1897లోనే రాశారు. ఆయన 22 మంది పిల్లల్ని వర్ణించారు. వారిలో కొందరికి కీళ్ళ వాపుతోపాటు జ్వరం, బిళ్ళ కట్టిన లింఫు గ్రంథులు, పెరిగిన ప్లీహం ఉన్నాయని గుర్తించారు. ఆ రూపాన్ని నేటికీ స్టిల్స్ డిసీజ్ అంటున్నారు. ఇంత కాలం గడిచినా, 'చిన్నపిల్లలకు కీళ్ళనొప్పులేమిటి, ముసలితనంలో రావాల్సినవి' అనే మాట మన ఇళ్ళలోనే కాదు, కొన్ని క్లినిక్‌లలోనూ వినిపిస్తుంది.

జేఐఏ ఒక్క జబ్బు కాదు, కొన్ని జబ్బుల కుటుంబం. అయిదారేళ్ళ లోపు పిల్లల్లో, అందులోనూ ఆడపిల్లల్లో, ఒకటి నుంచి నాలుగు కీళ్ళకు పరిమితమయ్యే రకం ఎక్కువగా కనిపిస్తుంది. మోకాలే దానికి ఇష్టమైన చోటు. అయిదు, అంతకు మించి కీళ్ళు వాచేది ఇంకో రకం. రోజూ పెరిగి తగ్గే జ్వరం, జ్వరంతోపాటు మెరిసి మాయమయ్యే గులాబీ దద్దుర్లతో ఒళ్ళంతా పట్టేది మూడోది. ఇదే స్టిల్ చెప్పిన రూపం. స్నాయువులు ఎముకకు అతుక్కునే చోట మంటతో, మడమ నొప్పితో, తుంటి, నడుము కీళ్ళను పట్టుకునే ఎంథసైటిస్ రకం మరొకటి. ఇది ఆరేళ్ళు దాటిన మగపిల్లల్లో, హెచ్ఎల్ఏ-బి27 అనే జన్యు గుర్తు ఉన్నవారిలో ఎక్కువ. ఐరోపాలో కొన్ని కీళ్ళకు పరిమితమయ్యే రకానిదే పైచేయి కాగా, భారత ఆసుపత్రుల్లో నమోదైన పిల్లల్లో ఎంథసైటిస్ రకం వాటా పెద్దది. తుంటి కీలు మార్పిడి దాకా వెళ్ళే ప్రమాదం దీనిలోనే ఎక్కువ. కాబట్టి విదేశీ పుస్తకం చూసి మన పిల్లల్ని అంచనా వేస్తే కొందరు జారిపోతారు.

పసివాళ్ళు నొప్పి చెప్పరు

జాప్యం మొదట ఇంట్లోనే పుడుతుంది. అందుకు తల్లిదండ్రుల్ని నిందించి లాభం లేదు. రెండేళ్ళ పాపకు మోకాలు వాస్తే 'నొప్పి' అని చెప్పదు. పొద్దున లేచాక నడవనని మారాం చేస్తుంది, ఎత్తుకోమంటుంది. నడక వచ్చిన పిల్ల మళ్ళీ పాకడం మొదలుపెడుతుంది. మధ్యాహ్నానికి కీలు కాస్త సడలి మామూలుగా తిరుగుతుంది. దాంతో పొద్దుటి మారాం పెంకితనంగా లెక్కలోకి పోతుంది. ఎక్కడో పడి ఉంటుంది, బెణికి ఉంటుంది అనుకుంటారు. బామ్మలు దిష్టి తీస్తారు.

కీలు వాపులో కొట్టొచ్చినట్టు కనిపించే గుర్తు నొప్పి కాదు, బిగుసుకుపోవడం. పొద్దున లేవగానే అరగంటకు పైగా కుంటడం, బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోవడం, గొంతుక్కూర్చున్నప్పుడు ఒక కాలు పక్కకు చాపడం, కొత్తగా గుండీలు పెట్టుకోలేకపోవడం, మెట్లు ఒక్కో కాలితోనే ఎక్కడం, పెన్సిలు పట్టు మారడం: ఇవన్నీ కీళ్ళు చెప్పే మాటలే. ఒక కాలు కాస్త పొడుగ్గా కనిపించినా అనుమానించాలి. వాచిన మోకాలికి రక్త ప్రసరణ పెరిగి, ఆ కాలి ఎముక రెండోదానికంటే వేగంగా ఎదుగుతుంది. దవడ కీలును పట్టుకుంటే గడ్డం చిన్నదై వెనక్కి పోతుంది.

ఎదుగుదల నొప్పులు అనే మాట మరో పెద్ద ముసుగు. అవి నిజంగానే ఉంటాయి, హాని చేయవు. వాటికి స్పష్టమైన తీరు ఉంది. మూడు నుంచి పన్నెండేళ్ళ వయసులో, సాయంత్రం లేదా రాత్రి, రెండు కాళ్ళలోనూ వస్తాయి. ఒత్తితే హాయిగా ఉంటుంది. తెల్లారేసరికి పిల్లవాడు ఏమీ ఎరగనట్టు ఆడుకుంటాడు. పొద్దునే కుంటేవాడిని, ఒక్క కాలే నొప్పి అనేవాడిని, వాపు కనిపించేవాడిని ఆ ఖాతాలో వేయకూడదు.

దారి తప్పించే రిపోర్టులు

రెండో జాప్యం ల్యాబులో పుడుతుంది. కీళ్ళ నొప్పి అనగానే ఆర్థ్రైటిస్ ప్రొఫైల్ పేరుతో ఒక ప్యాకేజీ రాసివ్వడం ఊరూరా అలవాటైంది. అందులో ఆర్ఏ ఫ్యాక్టర్, ఏఎస్ఓ, సీఆర్పీ, యూరిక్ యాసిడ్ ఉంటాయి. జేఐఏ ఉన్న పిల్లల్లో ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చేది అయిదు శాతం మందికే. మిగతావారి రిపోర్టు నెగెటివ్ వస్తుంది. అది చూసి 'కీళ్ళవాతం లేదు' అని పంపించేస్తారు. ఒకే మోకాలు వాచిన పిల్లల్లో, ఒంట్లో మంటను కొలిచే ఈఎస్ఆర్, సీఆర్పీ కూడా మామూలుగానే ఉండవచ్చు. ఈ జబ్బును ఉన్నదనో లేదనో తేల్చగల రక్త పరీక్ష ఒక్కటీ లేదు.

ఏఎస్ఓ చేసే నష్టం ఇంకా ఎక్కువ. ఇది స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా గొంతులోకి ఈమధ్య ఎప్పుడో వచ్చి వెళ్ళిందని చెప్పే పరీక్ష. మన బడి పిల్లల్లో ఏ జబ్బూ లేకపోయినా ఇది ఎక్కువగా కనిపించడం సాధారణం. అయినా ఆ అంకె చూసి రుమాటిక్ జ్వరమని ముద్ర వేసి, మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూదులు మొదలుపెట్టే సందర్భాలు పిల్లల కీళ్ళ వైద్యులకు కొత్త కాదు. కొందరు పిల్లలు ఏళ్ళ తరబడి ఆ సూదులు పొడిపించుకుంటుంటే, లోపల కీలు తన పని తాను చేసుకుంటూ పోతుంది.

రుమాటిక్ జ్వరం మన దేశంలో ఇంకా పోలేదు. గుండె కవాటాల్ని దెబ్బతీస్తుంది కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకునే వీలూ లేదు. కానీ రెండింటి నడవడిక వేరు. రుమాటిక్ జ్వరంలో నొప్పి ఒక కీలులో రెండు మూడు రోజులుండి మరో కీలుకు వలసపోతుంది. ఆస్పిరిన్ వంటి మందుకు చప్పున దిగుతుంది. వారాల్లోనే మచ్చ లేకుండా పోతుంది. ఒక కీలులో తిష్ఠ వేసి నెలన్నర దాటిన వాపు రుమాటిక్ జ్వరం కాదు. అప్పటికే పెన్సిలిన్ వాడుతున్న పిల్లల విషయంలో తల్లిదండ్రులు సొంతంగా సూదులు ఆపకూడదు. గుండెకు ఎకో తీయించి, నిపుణుడితో మళ్ళీ చూపించుకుని నిర్ణయించుకోవాలి.

చేత్తో చూసే జబ్బు

మరి నిర్ధారణ ఎలా? ముందు వినాలి, ఆ తరువాత ఒంటి మీది బట్టలు తీసి ప్రతి కీలునూ చేత్తో తాకి, వంచి చూడాలి. నొప్పి ఉందన్న కీలు ఒక్కదాన్నే చూస్తే చాలదు. తుంటిలో ఉన్న జబ్బు మోకాలి నొప్పిగా బయటపడవచ్చు. మెడ తిప్పలేకపోవడం, నోరు పూర్తిగా తెరవలేకపోవడం ఎవరూ అడగకపోతే తెలియవు. సాధారణ వైద్యులూ నర్సులూ కూడా చేయగలిగేలా బ్రిటన్‌లో పీగాల్స్ అనే పరీక్షను 2006లో రూపొందించారు. మూడు ప్రశ్నలు, నడక, చేతులు, కాళ్ళు, వెన్ను కదలికలు: మొత్తం రెండు నిమిషాల పని. ఎక్కడైనా నొప్పిగానీ బిగుసుకుపోవడంగానీ ఉందా? సాయం లేకుండా బట్టలు వేసుకోగలుగుతున్నాడా? మెట్లు ఎక్కి దిగగలుగుతున్నాడా? ఈ మూడూ అడగడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

తరువాతి పని కీలువాపులా వేషం వేసుకుని వచ్చే ఇతర జబ్బుల్ని ఏరివేయడం. ఇక్కడ తప్పు జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది. జ్వరంతో ఒక్క కీలు ఎర్రగా కాలిపోతూ, పిల్లవాడు కదిలించనివ్వకపోతే అది చీము పట్టిన కీలు కావచ్చు. అప్పుడు ఆరు వారాలు చూడటం కాదు, ఆరు గంటలు కూడా ఆగకూడదు. నెలల తరబడి ఒకే కీలు వాచి, బరువు తగ్గుతుంటే క్షయను గుర్తు చేసుకోవాలి. మగపిల్లవాడికి చిన్న దెబ్బకే మోకాలు ఉబ్బుతుంటే హీమోఫిలియా చూడాలి. చికున్‌గున్యా తరువాత కీళ్ళు వారాల తరబడి నొప్పి పెట్టవచ్చు. 2005-06లో ఆ జ్వరం ఆంధ్రప్రదేశ్‌ను చుట్టేసిన అనుభవం మనకుంది.

అన్నిటికంటే భయపడాల్సింది లుకేమియాకు. రక్త క్యాన్సర్ కొందరు పసిపిల్లల్లో కీళ్ళ, ఎముకల నొప్పిగానే మొదలవుతుంది. రాత్రిళ్ళు నిద్ర లేపేసే నొప్పి, కనిపించే వాపుకు మించిన బాధ, తెల్ల కణాలో ప్లేట్‌లెట్లో ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉండటం దాని జాడలు. జేఐఏలో మంట వల్ల ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. అవి తగ్గుతున్నాయంటే ఆగి ఆలోచించాలి. అందుకే ఏ పిల్లవాడి కీళ్ళకైనా కారణం తేలకముందే స్టెరాయిడ్ ఇవ్వడం పెద్ద పొరపాటు. స్టెరాయిడ్ లుకేమియా కణాల్ని తాత్కాలికంగా అణచి, జబ్బును దాచేస్తుంది.

మన ప్రాంతంలో మరో మజిలీ కూడా ఉంది. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు తక్కువ. ఆ నమ్మకంతోనే దెబ్బ తగలకుండా వాచిన మోకాలిని కూడా ఎవరో ఒకరి దగ్గర కట్టు కట్టిస్తారు. లేదా పిండి కట్టు వేయిస్తారు. వాతపు కీలును వారాల తరబడి కదలకుండా బంధిస్తే కండ కరిగిపోయి, కీలు వంగిన చోటే బిగుసుకుంటుంది. కట్టు విప్పాక కాలు చాపలేని పిల్లవాడు మిగులుతాడు.

కన్ను చెప్పకుండానే పోతుంది

ఈ జబ్బులో అతి మోసకారి భాగం కన్ను. జేఐఏ ఉన్న కొందరు పిల్లలకు కంటి మధ్య పొరలో మంట, అంటే యువెయిటిస్, వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో ఇది 10 నుంచి 20 శాతం మందికి వస్తుందని అంచనా. ఏఎన్ఏ పరీక్ష పాజిటివ్ వచ్చిన, ఆరేడేళ్ళ లోపు వయసులో జబ్బు మొదలైన, కొన్ని కీళ్ళకు పరిమితమైన పిల్లల్లో ముప్పు ఎక్కువ. వీళ్ళకు కన్ను ఎర్రబడదు, నీరు కారదు, నొప్పి పుట్టదు. తల్లి కంటిపాపలో తెల్లటి మచ్చ చూసే నాటికి శుక్లమో, నీటికాసులో వచ్చి ఉంటాయి.

దీన్ని కనిపెట్టే దారి ఒక్కటే. కంటి వైద్యుడు స్లిట్ ల్యాంప్ కింద చూడాలి. ముప్పు ఎక్కువున్న పిల్లలకు మూడు నెలలకోసారి, కళ్ళు బాగున్నా సరే, కీళ్ళు తగ్గాయనిపించినా సరే చూపించాలి. అక్షరాల పట్టిక చదివించే చూపు పరీక్షలతో ఇది దొరకదు. తెలంగాణలో కంటి వెలుగు లాంటి కార్యక్రమాలు లక్షల మందికి కళ్ళజోళ్ళు అందించాయి. కానీ ఈ పిల్లల విషయంలో ఆ పరీక్షలో బాగున్నారని తేలడం భరోసా కాదు. కీళ్ళ డాక్టర్ చీటీలో కంటి పరీక్ష తేదీ కూడా ఉంటేనే వైద్యం పూర్తయినట్టు.

ఆదివారం మాత్ర

నేటి చికిత్స లక్ష్యం నొప్పి తగ్గించడం కాదు. కీళ్ళలో మంట పూర్తిగా ఆగిపోయేలా చేయడం. ఒకటి రెండు కీళ్ళే అయితే నొప్పి, వాపు తగ్గించే సాధారణ మందులతోపాటు, మత్తిచ్చి కీలు లోపలికే స్టెరాయిడ్ సూది వేస్తారు. చాలామందికి నెలల తరబడి ఉపశమనం ఉంటుంది. కీళ్ళు ఎక్కువైనా, వాపు తిరగబెట్టినా, కన్ను చేరినా మెథోట్రెక్సేట్ మొదలుపెడతారు.

ఈ మందు పిల్లలకు పనిచేస్తుందని నిరూపించిన ప్రయోగాన్ని అమెరికా, సోవియట్ వైద్యులు కలిసి 127 మంది పిల్లల మీద చేశారు. ఫలితాలు 1992లో వచ్చాయి. శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు వారానికి పది మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో 63 శాతం మెరుగుపడ్డారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో మెరుగుపడింది 36 శాతమే. దీని ధర కొన్ని రూపాయలు, దాదాపు ప్రతి పట్టణంలో దొరుకుతుంది. అయినా తల్లిదండ్రులు వెనకడుగు వేస్తారు, మందుల షాపులోనో ఇంటర్నెట్‌లోనో 'ఇది క్యాన్సర్ మందు' అని తెలుసుకుని. క్యాన్సర్‌లో వాడే పెద్ద మోతాదుతో పోలిస్తే ఇది చాలా చిన్నది. ఫోలిక్ యాసిడ్ జోడించి, రక్తకణాలు, కాలేయం పరీక్షలు క్రమం తప్పకుండా చేయిస్తూ దశాబ్దాలుగా పిల్లలకు వాడుతున్నారు.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. ఇది వారానికి ఒక్కసారే వేయాల్సిన మందు. చీటీ సరిగా చదవక రోజూ వేస్తే నోరంతా పుళ్ళు పడి, ఎముక మజ్జ అణగిపోయి ప్రాణం పోవచ్చు. ఆదివారం అనో, గురువారం అనో వారం పేరును పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వడం ప్రతి వైద్యుడి బాధ్యత, అడిగి రాయించుకోవడం తల్లిదండ్రుల హక్కు. ఇది పనిచేయడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. రెండు వారాల్లో గుణం కనిపించలేదని మానేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

దీనికీ లొంగని పిల్లలకు బయోలాజిక్స్ వచ్చాయి. మంటను రగిలించే టీఎన్ఎఫ్ అనే రసాయనాన్ని అడ్డుకునే ఎటనర్సెప్ట్ మీద 2000లో వచ్చిన అధ్యయనంలో, మెథోట్రెక్సేట్‌తో కుదరని 69 మంది పిల్లల్లో 74 శాతం మందికి మూడు నెలల్లో గుణం కనిపించింది. యువెయిటిస్‌కు అడాలిముమాబ్, స్టిల్స్ రకానికి టోసిలిజుమాబ్ వంటివి దారి మార్చేశాయి. స్టిల్స్ రకంలో జబ్బు ఒక్కసారిగా ముదిరి, రక్తకణాలు పడిపోయి, రక్తంలో ఫెరిటిన్ ఆకాశాన్నంటే ప్రాణాంతక దశ రావచ్చు. ఆ దశలో ఈఎస్ఆర్ తగ్గుతుంది. తగ్గింది కదా అని సంబరపడితే పిల్లవాడు చేజారతాడు.

బయోలాజిక్స్‌కు నెలకు వేల రూపాయలవుతాయి. అయితే ఈ విషయంలో మన దేశం నిస్సహాయంగా లేదు. అడాలిముమాబ్‌కు ప్రపంచంలో తొలి బయోసిమిలర్‌ను, అంటే దాదాపు అలాగే పనిచేసే చవక రూపాన్ని, 2014 డిసెంబరులో విడుదల చేసింది అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ సంస్థే. నోటి ద్వారా తీసుకునే టోఫాసిటినిబ్‌కు పిల్లల్లో వాడేందుకు 2020లో అమెరికా అనుమతి వచ్చింది. దాని జెనరిక్ రూపాలు మన మార్కెట్లో ఉన్నాయి. ఈ మందులకు ముందు క్షయ లేదని తేల్చుకోవడం మన దేశంలో తప్పనిసరి. నిద్రాణంగా ఉన్న క్షయ వీటితో తలెత్తవచ్చు.

పొట్లం మాత్రలు, పథ్యాలు

చికిత్స దొరకని చోట ఆ ఖాళీని స్టెరాయిడ్లు నింపుతున్నాయి. పేరు లేని పొట్లంలో కట్టి ఇచ్చే మాత్రల్లో, కొన్ని నాటు మందుల పొడుల్లో ఇవి కలిసి ఉంటాయి. రెండు రోజుల్లో పిల్లవాడు లేచి నడుస్తాడు, ఆకలి పెరుగుతుంది, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది. ఒళ్ళు చేశాడని ఇంట్లో సంతోషిస్తారు. నెలలు గడిచేసరికి ఎత్తు ఎదగడం ఆగిపోతుంది, ఎముకలు పెళుసవుతాయి, కంటిలో శుక్లం వస్తుంది. ఒక్కసారిగా మానితే ప్రాణాపాయం. స్టెరాయిడ్ మంచి మందే. కానీ దాన్ని తక్కువ కాలం, తెలిసిన చేతులతో వాడాలి.

ఇక పథ్యాలు. వాతం అనగానే పులుపు, వంకాయ, గోంగూర, పప్పు మాన్పించేస్తారు. జేఐఏ ఉన్న పిల్లలు అసలే ఆకలి లేక, మంట వల్ల చిక్కి ఉంటారు. ఇలాంటి పథ్యాలతో జబ్బు తగ్గుతుందనే ఆధారం లేదు. పాలు, గుడ్లు, పప్పు ఆపితే ఎముకకు అందాల్సింది అందదు. కదలకుండా పడుకోబెట్టడమూ అంతే. మంట అదుపులోకి వస్తుండగానే కీలును రోజూ పూర్తిగా వంచి చాపే వ్యాయామం మొదలుపెట్టాలి. సైకిల్ తొక్కడం, ఈత కొట్టడం మంచివి. ఆడపిల్ల అయితే జబ్బు సంగతి తెలిస్తే రేపు పెళ్ళి కుదరదేమోనని దాచేవారున్నారు. దాచి వైద్యం మానితే మిగిలేది కదలని కీలు. వేళకు వైద్యం అందిన పిల్ల చదువు, ఉద్యోగం, సంసారం అన్నీ మామూలుగానే సాగించగలదు.

వ్యవస్థ ఏం చేయాలి?

తల్లిదండ్రుల అవగాహన ఒక్కటే సరిపోదు. చండీగఢ్ పీజీఐ, లక్నో ఎస్‌జీపీజీఐ వంటి సంస్థలు ఈ రంగంలో దేశానికి దారి చూపాయి. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. కానీ పిల్లల కీళ్ళ నిపుణులు మహానగరాలకే పరిమితం. ఆదిలాబాద్ నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చే కుటుంబానికి ప్రతి ఓపీ చీటీ వెనుక ఒక రాత్రి ప్రయాణం, రెండు రోజుల కూలీ నష్టం ఉంటాయి. మూడోసారికి రావడం మానేస్తారు. నిపుణుల్ని రాత్రికి రాత్రి తయారు చేయలేం. ఉన్న నిపుణుడి సలహాను జిల్లాకు చేర్చడం మాత్రం సాధ్యమే.

మొదటి మెట్టు మన దగ్గర ఇప్పటికే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లల్ని ఏటా రెండుసార్లు, ప్రభుత్వ బడి పిల్లల్ని ఒకసారి పరీక్షించాలి. ఆ పథకం వెతకాల్సిన సుమారు 30 జబ్బుల జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు ఉంది, దంతక్షయం ఉంది, దీర్ఘకాలిక కీలువాపు లేదు. జాబితాలో లేనిదాన్ని ఏ బృందమూ వెతకదు, లెక్కించదు. కేంద్రం జాబితా మార్చే దాకా ఆగకుండా, రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ రెండు నిమిషాల కీళ్ళ పరీక్షను తమ బృందాలకు నేర్పవచ్చు. ఒక రోజు శిక్షణ చాలు. అనుమానం వచ్చిన పిల్లల్ని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపితే అక్కడ పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు ఒకే చోట దొరుకుతారు. అదే రోజు జిల్లా ఆసుపత్రిలో స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించవచ్చు.

రెండోది డబ్బు. దీర్ఘకాలం వాడాల్సిన మందుల్ని ఓపీలో ఉచితంగా ఇవ్వడం ప్రభుత్వానికి తెలియని విద్య కాదు. 2004 నుంచి ఏఆర్‌టీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ మందులు అలాగే అందుతున్నాయి. రోగి మంచం ఎక్కకపోయినా ప్రతి నెలా మందు చేతికందుతుంది, పరీక్షలు జరుగుతాయి, రాకపోతే ఫోను చేసి అడిగేవారుంటారు. జేఐఏ పిల్లల సంఖ్య దానితో పోలిస్తే చిన్నది. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్, మూడు నెలలకోసారి రక్త పరీక్షలను జిల్లా ఆసుపత్రిలో ఉచితం చేస్తే ఖజానాకు భారం నామమాత్రమే. బయోలాజిక్స్ అవసరమయ్యే కొద్దిమందికి నిపుణుల కమిటీ సిఫార్సు మీద ఇవ్వవచ్చు. రెండు రాష్ట్రాలు కలిపి టోకున బయోసిమిలర్లు కొంటే ధర ఇంకా దిగుతుంది. ఆరోగ్యశ్రీ అయినా, ఎన్టీఆర్ వైద్య సేవ అయినా పేరు ఏదైనా సరే, చేరిన రోగికి ఇచ్చే ప్యాకేజీలతో ఈ జబ్బుకు న్యాయం జరగదు. ఏడాది పొడవునా సాగే ఓపీ ప్యాకేజీ కావాలి.

మూడోది బడి. ఈ పిల్లలకు పొద్దుటి పూటే గడ్డుకాలం. ప్రార్థనలో అరగంట నిలబెట్టకుండా కూర్చోనిస్తే, నేల మీద కాక బల్ల మీద చోటిస్తే, పరీక్షల్లో రాయడానికి అదనపు సమయమిస్తే సరిపోతుంది. ఇందుకు ప్రధానోపాధ్యాయుడి సంతకం చాలు. జబ్బు పెరిగి తగ్గే స్వభావం ఉన్నది కాబట్టి, ఒక రోజు పరుగెత్తిన పిల్లవాడు మర్నాడు కుంటితే నాటకమని తిట్టకూడదని ఉపాధ్యాయులకు ఎవరైనా చెప్పాలి. మార్చి 18ని చిన్నారుల కీళ్ళ జబ్బుల అవగాహన దినంగా ప్రపంచమంతా పాటిస్తోంది. బడుల్లో ఈ మాట చెప్పడానికి అదొక సందర్భం.

వీటన్నిటికంటే ముందు అమలు చేయగలిగిన నిబంధన ఒకటుంది. పిల్లల కీలులో వాపు ఆరు వారాలు నిలిస్తే, ఏ రిపోర్టు ఎలా ఉన్నా, ఆ పిల్లల్ని ఏ వైద్యుడూ తన దగ్గరే ఉంచుకోకూడదు. పైకి పంపాలి. ఆ లోపు కారణం తేలకుండా స్టెరాయిడ్ ఇవ్వకూడదు, కట్టు కట్టకూడదు. ఈ రెండు వాక్యాల సర్క్యులర్‌ను ఆరోగ్య శాఖ ఒక్క రోజులో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపగలదు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు, వచ్చే బడ్జెట్ దాకా ఆగే పనీ లేదు. ఓపీ మందుల పద్దుకు ఆర్థిక శాఖ సమ్మతి కావాలంటే, ఒక తుంటి మార్పిడికి అయ్యే ఖర్చుతో ఎందరు పిల్లలకు ఎన్నేళ్ళు మెథోట్రెక్సేట్ అందుతుందో లెక్క వేసి ముందు పెడితే చాలు.